తౌడుకు కొన్న పేరు

ఆఖరికి రేషన్ కార్డొక్కటి మిగిలింది.
మీసేవ పిలగాడు తెర మీదికెళ్లి కళ్లు తీయకుంట అడిగిండు,
"అమ్మా, పేరు మార్పుకు కారణం?"
గడి చిన్నగుంది. ముప్పై అక్షరాలే పడతయట.

మా అమ్మకు నా కన్న ముందు ముగ్గురు పుట్టి పోయిండ్రు.
పురుడు ఎల్లంగనే నన్ను చాటల పండబెట్టి
పెంటకుప్ప మీద పెట్టొచ్చింది.
పొరుగింటామె ఎత్తుకున్నది.
సోలెడు తౌడిచ్చి అమ్మ నన్ను మళ్ల కొనుక్కున్నది.
అట్ల పెంటమ్మనైన.
చావు పెంట దిక్కు చూడదని ఆమె లెక్క.
గిదంత ముప్పై అక్షరాలల్ల ఎట్ల పట్టిస్తవు బిడ్డా.

ఇరవై రెండేండ్లు కాన్పుల వార్డుల ఆయాను.
పసిగుడ్ల కాలికి పట్టీ కట్టేది నేనే.
పట్టీ మీద తల్లి పేరే ఉంటది,
పిల్లకు ఇంకా ఏ పేరూ అంటదు.
కొత్తగొచ్చిన డాక్టరమ్మ ఒకనాడు నన్ను పిలవబోయి
"పె" అని ఆగిపోయింది.
అరవై మంది నోరు నిండ పిలిచినా ఏం గాలేదు,
ఆ ఆగుడు గుచ్చుకున్నది.

"నిర్మల అని పెట్టుకో" అన్నది సిస్టరు.
అర్థమేందంటే, మలం లేనిదట.
మళ్ల అదే కుప్ప సుట్టు తిరుగుడా?
వసుధ అని నేనే ఎంచుకున్న.
ఎందుకో అడగొద్దు. నోట్లె సల్లగుంటది.

బాండు పేపరు, నోటరీ, రెండు పత్రికలల్ల ప్రకటన,
చంచల్‌గూడ అచ్చాఫీసు సుట్టు నాలుగు తిరుగుళ్లు.
గెజిట్ల నా కింద ఒకాయన ఉన్నడు,
ఇంటిపేరు తీసేసుకున్నడట.
ఏ బాధనో, నాకు తెల్వది.

ఆధార్ కాడ వేళ్లు పెట్టుమన్నరు.
పెట్టిన. తుడుచుకొని మళ్ల పెట్టిన.
నా గీతలన్ని ఫినాయిలు తాగేసింది.
ఎర్రలైటు ఎలిగి, ఎవ్వరు లేరన్నది.
ఆఖరికి కన్ను చూపెట్టిన, గుర్తువట్టింది.
వచ్చిన కార్డుల "వసుద".
ఒక్క ఒత్తు పడలే.
ఆ ఒత్తు కోసం ఇంకో లైను, ఇంకో రుసుము, ఇంకో నెల.

పాన్ కార్డు తొందరగనే ఒప్పుకున్నది,
నా కాడ పన్నుకు ఏం దొరుకుతదనో.

బర్కత్‌పుర పీఎఫ్ ఆఫీసుల మాత్రం
పెంటమ్మ పైసలు పెంటమ్మకే ఇస్తరట.
కాంట్రాక్టర్లు ముగ్గురు మారిండ్రు,
ఒకడు నన్ను "పెంటమ" అని రాసి పారేసిండు.
"వీళ్లందరు మీరే అని రాసియ్యండి" అన్నడు సారు.
రాసిచ్చిన:
పెంటమ్మ, పెంటమ, వసుద, వసుధ
ఒక్కతేనని, దేవుని సాక్షిగ.
"కింద ఏ పేరుతోని సంతకం పెట్టాలె సారూ?"
ఆయన పెన్ను మూత తీసిండు, పెట్టిండు, మళ్ల తీసిండు.
"రెండూ పెట్టండి."
పెంటమ్మ ఎప్పటి లెక్క గీకంగనే అయిపోయింది,
వసుధ ఒక్కో అక్షరం కాడ ఆగి తొవ్వ అడిగింది.

పిలగాడు నా ఫైలు తిరగేసుకుంట
ఒక జిరాక్సు కాడ ఆగిండు. అమ్మ మరణ నివేదిక.
చనిపోయిన వారి పేరు, అమ్మది.
సమాచారం ఇచ్చినవారు: పెంటమ్మ, కూతురు.

చావు పుస్తకంల నా పేరు ఎక్కొద్దని గదనే అమ్మా తౌడిచ్చింది?
ఎక్కనే ఎక్కింది చూడు.
కాకపోతే పక్క గడిల.

"ఇది గూడ మార్పియ్యొచ్చమ్మా, దరఖాస్తు పెడదామా?"
వద్దన్న. అదొక్కటి ఉండనియ్యి.
"మరి కారణం?"
"ఆ పేరు పని అయిపోయింది బిడ్డా. నేను బతికిన."

పిలగాడు నా దిక్కు ఒకపారి చూసిండు.
"వ్యక్తిగతం" అని కొట్టిండు.
ఇంకా ఇరవై ఆరు అక్షరాల జాగ ఉండె.